ఒక జన్యువు, రెండు గీతలు

జన్యువు పంపు ఆర్.ఎన్.ఏ. సందేశములను విద్యుత్తుచే జెల్లులో నడిపి, పొడవునుబట్టి వేఱుచేసి, పొరపై నద్ది, వానితో జతపడు గుర్తుపెట్టిన తునుకతో వెదకు నార్తర్న్ బ్లాట్ పద్ధతి 1977లో వెలువడెను. సదరన్ అను శాస్త్రజ్ఞుని పేరిటి పద్ధతికి జోడుగా వచ్చిన పేరే గాని, దిక్కుతో దీనికిఁ బనిలేదు.

పొరపై రెండు గీతలు కనఁబడినచో జన్యువులు రెండని తలఁపరాదు. కాల్సిటోనిన్ జన్యువును చూడుఁడు. దాని తొలి సందేశమును కణము కత్తిరించి అతుకును. మొదటి మూఁడు ఖండములు ఉమ్మడి. పిమ్మట థైరాయిడునందు నాలుగవది నిలుచును. నాడీకణములందు అది తొలగి, ఐదవది, ఆఱవది చేరును. మొదటి కూర్పు నెత్తుటి కాల్షియమును తగ్గించు హార్మోనునకు, రెండవది రక్తనాళములను విప్పారఁజేయు పదార్థమునకు మూలము. ఉమ్మడి ఖండముతో వెదకిన రెండును చిక్కును. నాలుగవదానితోనే వెదకినచో నాడీకణములయందు గీత దాదాపు కనఁబడదు. అంతమాత్రమున అచట జన్యువు నిద్రించుచున్నదనరాదు. ఒక్క గీతయే యున్నను నిశ్చింత వలదు. సమానమైన పొడవుగల రెండు సందేశములు అందు కలిసియుండవచ్చును.