షోలేలో కనిపించిన మన కరీంనగర్ మనిషి: పైడి జైరాజ్ మూలాలు వెతికితే ఏం దొరికింది?

ఇవ్వాళ కోరుట్లలో మా ఇంటి మేడ మీద కూర్చొని మాట్లాడుతున్నా. కింద వీధిలో బండ్ల చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి.

మీలో షోలే చూడనివాళ్లు తక్కువే ఉంటారు. అందులో పోలీసు ఆఫీసర్‌గా ఒక పెద్దాయన కొంచెంసేపు కనిపిస్తాడు. 1978లో వచ్చిన అమితాబ్ డాన్‌లో కూడా ఉంటాడు. ఎప్పుడన్నా ఆపి "ఈయన ఎవరు?" అనుకున్నారా? నేనైతే అనుకోలేదు. ఆయన పేరు పైడి జైరాజ్. 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టిండు. మూకీ సినిమాల కాలంలోనే హీరో. 1980లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. అంటే అక్కినేనికి 1990లో వచ్చిన అవార్డు, ఈయనకు పదేళ్ల ముందే వచ్చింది. హైదరాబాద్ రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కు ఇప్పుడు ఆయన పేరే ఉంది. అక్కడికి షార్ట్ ఫిల్ములు చూడటానికి పోయే పిల్లల్లో సగం మంది "పైడి జైరాజ్ అంటే ఎవరన్నా?" అని అడుగుతారు. అడగడం తప్పు కాదు, మనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన మీద ఒక చిన్న రీల్ పెట్టిన తర్వాత నాకు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. ఒక తమ్ముడు "అన్నా, జైరాజ్ మా సిరిసిల్లాయన" అంటాడు. ఇంకొకరు "కాదు, జగిత్యాల" అంటారు. మిగతా చాలామందిది ఒకటే మాట: "అన్నా, ఆయనది ఏం కులం?"

సరే, ఊరి సంగతి ముందు చూద్దాం. 1905 దాకా మన జిల్లా పేరు ఎలగందుల. ఆ తర్వాతే కరీంనగర్ జిల్లా అయింది. జైరాజ్ పుట్టింది ఆ మార్పు జరిగిన నాలుగేళ్లకు. అప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల అన్నీ కరీంనగర్ కిందే. ఈ కొత్త జిల్లాలు 2016 అక్టోబర్‌లో వచ్చినవి. కాబట్టి పాత పుస్తకంలో "కరీంనగర్" అని ఉంటే అది టౌన్ కావచ్చు, జిల్లా కూడా కావచ్చు. ఆ ఒక్క మాట పట్టుకొని ప్రతి ఊరూ "మావోడు" అనుకోవచ్చు. అందుకే నేను కరీంనగర్ దగ్గరే ఆగుతున్నా. సిరిసిల్ల తమ్ముడు కోపం తెచ్చుకోవద్దు, మా తాతలది కూడా సిరిసిల్లే.

ఇప్పుడు పేరు చూద్దాం, అసలు మజా ఇక్కడే. కొన్ని చోట్ల ఆయన పూర్తి పేరు "పైడిపాటి జైరుల నాయుడు" అని ఉంటుంది. "జైరుల" అని మీరు ఎప్పుడైనా ఎవరినైనా పిలిచారా? నేను వినలేదు. మన దగ్గర రాములు ఉంటాడు, రాజులు ఉంటాడు, గోవిందరాజులు ఉంటాడు. పేరు చివర ఆ "లు" మన అలవాటు. నా అంచనా ఏంటంటే, జైరాజులో, జయరాములో ఇంగ్లీషు అక్షరాల్లో పడి నలిగి "జైరుల" అయి ఉంటుంది. ఇది నా అంచనా మాత్రమే, కానీ తెలుగు చెవికి ఇదే నిజమనిపిస్తది.

ఇంటిపేరు కూడా రెండు రకాలు. పైడి అంటే బంగారం. పైడిపాటి అంటే వేరే సంగతి. "పాటి" అని ముగిసే ఇంటిపేర్లు సాధారణంగా "పాడు" అని ముగిసే ఊరి నుంచి వస్తాయి. అట్లాంటి ఊర్లు కోస్తా వైపు ఎక్కువ. అంటే ఒక్క "పాటి" ఉందా లేదా అన్న దాన్ని బట్టి మనం వెతకాల్సిన దిక్కే మారిపోతుంది. మరి నాయుడు? కులం అడిగిన వాళ్లు ఇది వినండి. నాయుడు అనేది బిరుదు. కమ్మ, కాపు, బలిజ, వెలమ, బోయ, గవర... ఎంతమంది పెట్టుకుంటారో చూడండి. ఆ మాట పట్టుకొని కులం చెప్పేవాడు ఊహ చెప్తున్నట్టే.

ఇంకో మాట అందరూ రాస్తారు: జైరాజ్ సరోజినీ నాయుడుకు "నెఫ్యూ" అని. అక్కడితో ఆగిపోతారు. ఇంగ్లీషులో ఆ మాటతో పని అయిపోతుంది, కానీ మన అమ్మమ్మ ముందు ఆ మాట అంటే ఊరుకుంటుందా? "ఎవరి దిక్కు నుంచి? అన్న కొడుకా, అక్క కొడుకా, బావ కొడుకా, ఆడబిడ్డ కొడుకా?" అని నాలుగు ప్రశ్నలు వేస్తుంది. మనమూ అవే వేద్దాం.

సరోజిని హైదరాబాద్‌లో పుట్టిన బెంగాలీ ఆడపిల్ల. పుట్టింటి పేరు చట్టోపాధ్యాయ. ఆమె అన్నదమ్ముల పిల్లలు చట్టోపాధ్యాయలే అవుతారు, పైడి వాళ్లు కారు. కాబట్టి ఈ చుట్టరికం ఆమె అన్నదమ్ముల నుంచి వచ్చింది కాదు, భర్త దిక్కు నుంచి వచ్చి ఉండొచ్చు. భర్త డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు. 1898లో వాళ్ల పెళ్లి. కులం వేరు, ప్రాంతం వేరు, ఆ రోజుల్లో అది పెద్ద సంగతి. సరే, గోవిందరాజులు అన్నదమ్ముల కొడుకైతే ఇంటిపేరు ముత్యాల ఉండాలి. పైడి అని ఉంది. మరి మిగిలింది? అక్కచెల్లెళ్లలో ఒకరిని పైడి వాళ్ల ఇంటికి ఇచ్చి ఉండాలి, లేదా ఇంకా దూరపు వరస అయి ఉండాలి. దగ్గరి చుట్టరికం అయితే సరోజినికి జైరాజ్ ఆడబిడ్డ కొడుకు, అల్లుడి వరస. చూశారా, ఇంటిపేరు, వావివరస రెండే పెట్టుకొని నాలుగు దారుల్లో రెండు మూసేశాం. గూగుల్ ఈ పని చెయ్యదు, అమ్మమ్మ చేస్తది.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. సరోజిని బెంగాలీ అయినా, నాయుడు అని ఉంది కాబట్టి చాలామంది తెలుగామె అనుకుంటారు. జైరాజ్ తెలుగాయన అయినా, పేరులో నాయుడు తీసేసి జైరాజ్ అని పెట్టుకున్నాడు కాబట్టి దేశమంతా ఉత్తరాది మనిషి అనుకుంది. పైగా ఆయన వేసిన వేషాలు చూడండి: అమర్ సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, వీర్ దుర్గాదాస్. మీసం, తలపాగా, కత్తి. తెర మీద రాజపుత్రులంటే ఇట్లుంటరు అని జనానికి చూపించింది మన కరీంనగర్ మనిషి!

అది ఎట్లా సాధ్యమైంది అన్నది ఎవరూ చెప్పరు. ఆయన నిజాం కాలేజీలో చదివి 1929లో బొంబాయి పోయిండు. అప్పుడు మూకీ సినిమాలు, యాస ఎవరికీ వినపడదు. ఒడ్డూ పొడుగూ ఉంటే చాలు. కానీ 1931లో ఆలం ఆరాతో మాట వచ్చింది. హిందీ, ఉర్దూ నోరు తిరగని నటులకు గడ్డుకాలం వచ్చింది. జైరాజ్ నిలబడ్డాడు. 1932లోనే షికారీ అనే టాకీలో ఉన్నాడు. ఎందుకంటే ఆయన పెరిగింది నిజాం రాజ్యంలో. బడి ఉర్దూ, కచేరీ ఉర్దూ, బజారు ఉర్దూ. మనవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడి బయట బలవంతంగా నేర్చుకున్న ఆ భాషే ఆయనకు అన్నం పెట్టింది. మన తాతలు "తెలుగులో చదువుకోనియ్యలేదు" అని బాధపడ్డ మాట నిజమే. అదే భాష ఒకాయనకు బొంబాయిలో దారి తెరిచిన మాట కూడా నిజమే. రెండూ కలిపి చెప్పకపోతే ఆయన కథ అర్థం కాదు.

ఇప్పుడు మీరు అడగొచ్చు, "అన్నా, ఎప్పుడో పోయిన యాక్టర్ ఇంటిపేరు మీద నీకెందుకింత ఆరాటం?" అని. చెప్తా.

మా తాత తమ్ముడు, అంటే నాకు చిన్నతాత, సిరిసిల్లలో మగ్గం నడవక బొంబాయి పోయిండు. మొదలు వర్లీలో ఉండి మిల్లులో పని చేసిండు. ముసలితనంలో భివండీకి మారిండు. ఇట్లా పోయిన ఇండ్లు మన సిరిసిల్లలో, కోరుట్లలో ఎన్నో మీకు తెలుసు. ఆయన మనవరాలు, నాకు చెల్లె వరస, పోయినేడు ఇంజనీరింగ్ సీటు కోసం బీసీ సర్టిఫికెట్‌కు పెట్టుకుంది. మహారాష్ట్రలో దీనికి ఒక తేదీ ఉంది: 1967 అక్టోబర్ 13. ఆ తేదీకి ముందే మన కుటుంబం ఆ రాష్ట్రంలో ఉందని కాగితం చూపించాలి. చిన్నతాత అంతకు ముందే పోయిండు. కాగితం కూడా ఉంది, మిల్లు హాజరు కార్డు. కానీ దాని మీద ఆయన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఉండాల్సిన చోట "తెలంగ్" అని ఉంది! తెలుగోడు కాబట్టి తెలంగ్. రాసినాయనకు మన ఇంటిపేరు పలకరాలేదో, అడగనే లేదో. ఆఫీసులో అన్నారట: "ఈ తెలంగ్ మీ తాతే అని రుజువేంది?"

చెల్లె ఫోన్ చేసి ఏడ్చింది. "అన్నా, మేము ఎక్కడోళ్లం? అక్కడ తెలుగోళ్లు అంటరు, మన ఊరికొస్తే బొంబాయోళ్లు అంటరు."

అప్పుడు మొదలుపెట్టా వెతుకుడు. మొదలు సిరిసిల్ల పోయి మా పెద్ద బాపమ్మను పట్టుకున్నా. తొంభై ఏళ్లకు దగ్గర పడింది. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి "మన వాళ్ల గురించి చెప్పు" అంటే ఏమీ చెప్పలేదు. "నిన్ను ఏ ఇంటి నుంచి తెచ్చిండ్రు, నీ ఆడబిడ్డలను ఎక్కడికిచ్చిండ్రు?" అంటే మాత్రం రెండు గంటలు ఆగలేదు. మగవాళ్లు తాతల పేర్లు మూడు చెప్పి ఆగుతారు. ఆడవాళ్లు ఊర్లకు ఊర్లు చెప్తారు. ఇది గుర్తు పెట్టుకోండి.

తర్వాత కోరుట్లలో మా అత్తమ్మ ఇంట్లో సందుగులో కట్నాల బుక్కు దొరికింది. పెళ్లిల్లల్ల మనోళ్లు కూర్చొని రాస్తరు కదా, ఎవరు ఎంత చదివించిండ్రో, ఏ ఊరో. 1971 నాటి పెళ్లి. అందులో చిన్నతాత పేరు ఇంటిపేరుతో సహా, పక్కన "బొంబాయి, వర్లి, 11 రూపాయలు" అని ఉంది. నాకు ఒళ్లు ఝల్లుమన్నది. ప్రభుత్వం దగ్గర లేని లెక్క పెళ్లి పుస్తకంలో ఉంది. కానీ 1971 అంటే ఆ తేదీ దాటిపోయింది. పనికిరాలేదు.

భూమి కాగితాలు చూశాం. మా వాళ్లకు కొంచెం పొలం ఉండేది. నిజాం నాటి సేత్వార్ ఉర్దూలో ఉంది. ఫోటో తీసుకొని జగిత్యాల పోయి, ఉర్దూ బాగా చదివే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నా. ఆయన కళ్లద్దాలు పైకెత్తి మా ముత్తాత పేరు మూడు రకాలుగా చదివిండు. "బేటా, ఇందులో చిన్న అచ్చులు రాయరు. తెలిసినోళ్లే సరిగ్గ చదువుతరు" అన్నాడు. నాకు అక్కడే జైరుల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయన నన్ను పిచ్చోడిలా చూశాడు. 1954-55 ఖాస్రా పహాణీలో కూడా ముత్తాత ఉన్నాడు. అయితే అవన్నీ "మీరు తెలంగాణవాళ్లు" అని చెప్తాయి. చెల్లెకు కావాల్సింది అక్కడ ఉన్నట్టు రుజువు.

మా పద్మశాలి ఇండ్లకు కూనపులోళ్లు వచ్చి పటం కట్టి మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పేవాళ్లు. గోత్రాలు, ఇంటిపేర్లు వాళ్లకు నోటికి ఉంటాయి. ఒకాయన దొరికిండు కూడా. మా ఇంటిపేరు చెప్పగానే గోత్రం చెప్పేసిండు. వినడానికి బంగారంలా ఉంది, ఆఫీసులో మాత్రం ఎవరూ తీసుకోరు.

చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? ముంబైలో, కార్పొరేషన్ తెలుగు బడిలో. చిన్నతాత పెద్దకొడుకు, మా కాక, అక్కడ ఒకటో తరగతిలో చేరిండు. ఆ దాఖలా రిజిస్టర్‌లో 1964 జూన్ అని తేదీ. పేరు తెలుగు లిపిలో ఉంది, ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మనం రాసుకున్నట్టే. పక్కన తండ్రి పేరు, మిల్లు కార్మికుడు, వర్లీ, సొంతూరు సిరిసిల్ల. ఎవరో తెలుగు సారు పొందికగా రాసిండు. ఆయనెవరో మాకు తెలియదు.

చెల్లె ఆ పేజీ నకలు, మిల్లు కార్డు, బాపమ్మ చెప్పిన వంశవృక్షం అఫిడవిట్ మూడూ కలిపి మళ్లీ పెట్టుకుంది. విచారణకు వచ్చే నెల తేదీ ఇచ్చారు. కాక భివండీ నుంచి, నేను ఇక్కడి నుంచి పోతున్నాం. బాపమ్మ నేనూ వస్తా అంటోంది, అందరం వద్దంటున్నాం, వినేలా లేదు.

ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఈలోపు మీ ఇంట్లో పాత కట్నాల బుక్కు ఉంటే, చెదలు పట్టకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. సిరిసిల్ల తమ్మీ, జైరాజ్ పుట్టింది సిరిసిల్లే అనే కాగితం ఏదన్నా ఉంటే పంపు, ఈ మేడ మీదనే కూర్చొని నా మాట నేనే దిద్దుకుంటా.