పొలములో మిగిలినదాని సంగతి
(పెద్దవంగరలో పంటల పండుగ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



"జీవ ఆర్థిక వ్యవస్థ"ను గూర్చి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. మాట కొత్తది. ఐరోపా దేశాలవారు 2012లో దీనికొక ప్రణాళిక వేసుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వము 2024 ఆగస్టులో బయో-ఈ3 అనే విధానమును ఆమోదించింది. భూమిలోనుండి తవ్వి తీసిన బొగ్గు మీద, చమురు మీద గాక, మొలిచేదాని మీద, పెరిగేదాని మీద, ఆఖరికి పెంటకుప్ప మీద ఆధారపడి బ్రదుకు సాగించుట అని దాని తాత్పర్యము. ఇంత చెప్పగానే మన ముసలమ్మలు నవ్వుతారు. వారికి తెలియనిదా ఇది?

మన పూర్వులలో చాలామంది చేసిన పనిని తలచుకోండి. ఊళ్ళో చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తంగేడు చెక్కతో లందలలో తోలు ఊనవేసి, మోట బొక్కెనలు కుట్టారు. ఆ బొక్కెనలతోనే ఊరి పొలాలు తడిశాయి. ఏదీ వృథా పోనీయని ఆ మనుషులనే ఊరు వెలుపల ఉంచారు. తంగేడు పువ్వు నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పము. తంగేడు చెక్క కొట్టినవారి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ సంగతి పక్కన పెట్టి జీవ ఆర్థిక వ్యవస్థను గూర్చి మాట్లాడుట నాకు చేతకాదు.

ఇక నేటి మాట. కోత మిషను వచ్చిన తరువాత వరిగడ్డి మడిలోనే పడిపోతున్నది. పశువులు తగ్గినవి గనుక కట్టలు కట్టించేవారు కొందరే. తక్కినవారు అగ్గిపుల్ల గీస్తున్నారు. పత్తి కట్టె గతీ అంతే. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు అయిదున్నర కిలోల నత్రజని ఉంటుంది. కాలిస్తే అది దాదాపు అంతా గాలిపాలు. ఆ నత్రజనినే మళ్ళీ యూరియా సంచిలో కొనుక్కొస్తాము. ఆ యూరియా తయారు కావడానికి భూమిలోని గ్యాసు కావాలి. మోతాదు మించి చల్లితే అందులోనుండి నైట్రస్ ఆక్సైడు అనే వాయువు లేస్తుంది. నూరేండ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఎండలు ముదిరినవి, వాన అదను తప్పినది అని మనము అనుకునేదానిలో ఆ పొగ వాటా, ఈ వాయువు వాటా కూడ ఉన్నది.

రూతు బోయజు పొలములో పరిగె ఏరుకొన్న కథ మీకు కంఠస్థము. అగ్గి పెట్టిన మడిలో రూతు ఏమి ఏరుకొంటుంది?

దీనికి మార్గము ఎక్కడో లేదు. 2016లో జిల్లాలు విడిపోకముందు మనతోపాటు వరంగల్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు జనగామ జిల్లాలోనికి వెళ్ళిన ఏనబావిని చూడండి. లింగాలఘనపురం మండలములో కళ్ళెం గ్రామపు శివారు పల్లె అది. సుమారు యాభై కుటుంబాలు, మూడు వందల ఎకరాల లోపు భూమి. ఆముదపు చేలను ఎర్ర గొంగళిపురుగు తినిపోతుంటే, 1990 దశకములో వారు మందు డబ్బా పట్టలేదు. తొలకరికి రెక్కల పురుగులు లేచే వేళకు చేలగట్ల మీద మంటలు వేశారు. పురుగులు వెలుగుకు వచ్చి మాడిపోయినవి. ఒకడు వేస్తే లాభము లేదు, ఊరంతా ఒక్కసారే వేయాలి. అసలు కిటుకు అదే. తరువాత వేపగింజల కషాయము, పేడతోను మూత్రముతోను చేసిన ఎరువులు, చెరువు మట్టి. 1997-98లో పత్తి పోయి, పాత వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు పురుగుమందే త్రాగి చనిపోయిన సంగతి మీరెరుగుదురు. అటువంటి గడ్డ మీద 2006లో ఏనబావి తన్ను తాను రసాయనాలు వాడని గ్రామముగా ప్రకటించుకొన్నది. జనగామలోని క్రాప్స్ అనే సంస్థ వారికి తోడు నిలిచింది.

అయితే "జీవ" అనే మాట తగిలించినదల్లా మంచిదని నేననను. ధాన్యముతో ఇథనాలు చేయుట కూడ జీవ ఆర్థిక వ్యవస్థ క్రిందికే వస్తుంది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు, ఆడవారితో సహా, ఇథనాలు ఫ్యాక్టరీ మాకు వద్దని రోడ్డెక్కారు. తమ నీరు, గాలి పాడగునని వారి భయము. ఫ్యాక్టరీ లాభము ఒకరికి, కంపు మరొకరికి అయితే అది పాత కథే.

మరొక చిక్కు. మనలో చాలామంది కౌలుదారులు. వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియనివాడు బండెడు ఎరువు ఎందుకు తోలుతాడు? ఎరువు బలము నేలకు పట్టేసరికి రెండు మూడేండ్లు కావాలి. అందుచేత సంఘమునకు భూమి ఉన్నచోట అయిదేండ్లకు తక్కువ గాకుండ కౌలుకు ఇయ్యాలని, గడ్డి కాల్చరాదనే షరతు కాగితము మీద వ్రాయించాలని నా మనవి. కౌలు కొంత తగ్గించి ఇచ్చినా సంఘమునకు నష్టము లేదు.

ఇంకొకటి చిన్న సంగతి. మన ప్రేమవిందుల మరునాడు గుడి వెనుక పోగుపడే థర్మోకోలు పళ్ళెములు మట్టిలో కలియవు, పశువు తింటే ప్రాణము తీస్తవి. మోదుగాకు విస్తరి తిన్నచోటే ఎరువవుతుంది. స్త్రీల సమాజమువారు విస్తరి ఒక్కటికి ఎంత పడునో లెక్క వేసి వచ్చే కమిటీకి తెస్తే, మొదటి వెయ్యి విస్తళ్ళు సంఘమే కొనవచ్చును.