చెత్తకు ఏ దారి మేలు?

బొగ్గులో తేమ, బూడిద పెరిగితే వేడి తగ్గుతుందని గోదావరిఖని, రామగుండం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఊరి చెత్తకూ అదే లెక్క.

మన ఇళ్ల చెత్తలో వంటింటి తడి వ్యర్థాలే ఎక్కువ. వాటిని మండిస్తే నీరు ఆవిరి కావడానికే వేడి ఖర్చవుతుంది. అందుకే వాటికి కంపోస్టు, బయోగ్యాస్ తగిన దారులు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసేలా ప్లాంటు కట్టారు.

రీసైకిల్ కాని పొడి చెత్తను మండించి విద్యుత్తు తీయవచ్చు. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. పొగ శుద్ధి, బూడిద పారవేత ఖర్చులు కూడా ఇక్కడ లెక్కలోకి రావాలి.

మూడోది టారిఫాక్షన్. గాలి దాదాపు తగలకుండా 200 నుంచి 300 డిగ్రీల వేడిలో చెత్తను బొగ్గులా మార్చే పద్ధతి ఇది. వారణాసిలో ఎన్టీపీసీ దీన్ని చేపట్టింది. ఆ బొగ్గును మామూలు బొగ్గుతో కలిపి థర్మల్ కేంద్రాల్లో మండించవచ్చు. 2600 మెగావాట్ల రామగుండం థర్మల్ కేంద్రం పక్కనే ఉన్న మనం తప్పక పరిశీలించాల్సిన దారి ఇది.

అయితే తడి, పొడి కలిసిపోతే ఏ యంత్రమూ సరిగ్గా పనిచేయదు. అమ్మలారా, అయ్యలారా, చెత్త బండికి రెండు బుట్టలు విడివిడిగా అందించండి.