ఏ తరగతిలో చేరాలి?



అమెరికాలో మా మనవడు రేడియోతో నడిపే చిన్న విమానాలతో గగన విన్యాసాలు చేస్తాడు. మొదటిసారి పోటీకి పేరివ్వబోతూ, "బేసిక్‌లో చేరితే నామోషీ తాతా, ఇంటర్మీడియట్‌లో చేరనా?" అని ఫోన్‌లో అడిగాడు. నియమావళి పంపమన్నాను. సర్వీసు రూల్సు నమిలినవాళ్ళం, మనకదొక లెక్కా!

ఐమాక్ పోటీల్లో తరగతులు అయిదు: బేసిక్, స్పోర్ట్స్‌మన్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, అన్‌లిమిటెడ్. బేసిక్‌లో ముందుగా ప్రకటించిన విన్యాసాల వరుసే ఎగరేస్తారు. స్పోర్ట్స్‌మన్ నుంచి తెలియని వరుస కూడా ఇస్తారు. దాన్ని విమానంతో సాధన చేయకూడదు. పుల్లకు గుచ్చిన బొమ్మ విమానాన్ని చేత్తో తిప్పుకుంటూ మననం చేసుకోవడమే. పైగా అక్కడి నుంచి మోడల్ అసలు విమానానికి నకలుగా ఉండాలి. బేసిక్‌లో ఆ పట్టింపు లేదు.

ప్రతి విన్యాసానికీ పది మార్కులు. గీత అయిదు డిగ్రీలు తప్పితే అర మార్కు కోత. అందుకే వాడితో అన్నాను: "రోల్ కొట్టగలవా అన్నది కాదురా. ఎదురుగాలిలో, రోల్‌కు ముందు గీత, వెనక గీత సమానంగా ఉంచగలవా? లూప్ గుండ్రంగా వస్తుందా? పెద్ద విన్యాసం చెయ్యబోయి నేలకు కొడితే నువ్వు కూడబెట్టిన డబ్బంతా ముక్కలే."

అలాగని వచ్చినవాడు కిందనే కూర్చుని కప్పులు పోగేసుకోవడమూ నాకు నచ్చదు. ప్రమోషనొచ్చినా పాత సీటు వదలనివాళ్ళను మనం చూడలేదా?

రెండు రోజులు అలిగి, బేసిక్‌కే పేరిచ్చాడు. పోటీ వచ్చే నెల.