తప్పు, నింద, మందలింపు: మధ్యయుగపు ఆంగ్లభాషలో

తప్పు చేయని మనిషి లేడు. తప్పు పట్టని సంఘమును లేదు. అయితే ఒక జాతి తప్పును దేనితో పోల్చుకొన్నది, తప్పు చేసినవానితో ఏ స్వరమున మాటలాడినది, అట్లు మాటలాడు అధికారమును ఎవరికి ఇచ్చినది అను ప్రశ్నలకు సమాధానము కావలెనన్న, ఆ జాతి వాడిన మాటలను కొంచెము విప్పి చూడవలెను. ఈ ప్రసంగమునకు మేము ఇంగ్లండు దేశమును ఉదాహరణముగా తీసికొనుచున్నాము. 600వ సంవత్సర ప్రాంతము మొదలు 1400వ సంవత్సర ప్రాంతము వరకు, అనగా సుమారు 800 సంవత్సరముల కాలమున, ఆంగ్లభాషలో తప్పునకు, నిందకు, మందలింపునకు వాడుకలో నుండిన కొన్ని మాటలను గూర్చి శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఆంగ్లభాషలో మొట్టమొదటి శాసనగ్రంథము కెంటు రాజ్యమును ఏలిన ఎథెల్బర్టు రాజు కాలమునాటిది; సుమారు 600వ సంవత్సరమున పుట్టినది. 12వ శతాబ్దమున రోచెస్టరులో వ్రాయబడిన ఒక వ్రాతప్రతిలో అది నేటికిని నిలిచియున్నది. చదువువారికి అది ధర్మశాస్త్రమువలె గాక ధరల పట్టికవలె తోచును. ఒకని ముందరి పల్లు ఊడగొట్టినచో 6 షిల్లింగులు. బొటనవ్రేలు నరికినచో 20 షిల్లింగులు. బొటనవ్రేలి గోరు పోగొట్టినచో 3 షిల్లింగులు. ఈ పట్టికను చూచి నవ్వుట సులభము. కాని దాని వెనుక ఒక గట్టి భావము కలదు. తప్పనగా అప్పు. చేసినవాడు ఋణపడినాడు. ఋణము తీరినచో పగయు తీరును. తీరనిచో రక్తమునకు రక్తము, తరతరముల వైరము. పంటికి వెల కట్టినవారు మనిషిని చులకన చేయలేదు. రెండు కుటుంబముల నడుమ కత్తి లేవకుండ చూచిరి.

ఈ భావము శాసనములందే గాక మాటలందును కలదు. నాటి ఆంగ్లమున అపరాధమునకు ‘షుల్డ్’ అను మాట ఒకటి ఉండెను. అప్పు అనియు దానికి అర్థమే. జర్మన్ భాషలో దాని తోబుట్టువు ‘షుల్ట్’ నేటికిని అప్పును, అపరాధమును రెంటిని చెప్పుచున్నది. ఇంగ్లీషులో ఆ నామవాచకము నశించినను, అదే ధాతువునకు చెందిన ‘షల్’ అను క్రియ మిగిలినది. ‘బాకీపడియున్నాను’ అనునది దాని తొలి అర్థము. మనము పాఠశాలలో విధిని తెలుపు మాటగా నేర్చుకొన్న ఈ చిన్న క్రియ ఒకనాడు అప్పుల పద్దులోనిది.

తప్పు చేసినవాడు రాజునకు చెల్లించు జరిమానాను ‘వీటె’ అనిరి. దెబ్బతిన్నవానికి ఇచ్చు పరిహారమును ‘బోట్’ అనిరి. ఈ రెండవ మాట ‘బెటర్’ అను మాటకు చుట్టము. చెడినదానిని బాగుచేయుట దాని భావము. ‘వీటె’తో చుట్టరికముగల క్రియ ఒకటి ‘నింద మోపుట’ అను అర్థమున మహాకవి చాసరు కాలము వరకు, అనగా 14వ శతాబ్దము చివర వరకు నిలిచినది. అతని కావ్యమున బాగుగా త్రాగియున్న పిండిమరవాడు కథ మొదలుపెట్టుచు, తన నోట అపశబ్దము దొర్లినచో ఆ నిందను సదర్కు పేట బీరుపై మోపుడని తోడి యాత్రికులను వేడుకొనును. రాజునకు కట్టవలసిన జరిమానా కాలక్రమమున ఎవరి నెత్తిన వేయవలెనా అని వెదకుకొను నిందగా మారినదన్నమాట.

865వ సంవత్సరమున డేనుల పెద్ద సేన ఇంగ్లండుపై దిగినది. వారిలో అనేకులు దేశపు ఉత్తర, తూర్పు భాగములందు స్థిరపడి, అచటి వారితో కలసిపోయిరి. వారి భాషనుండి వచ్చిన మాటలలో ‘రాంగ్’ ఒకటి. వంకరగా నున్నది అని దాని అర్థము. ఆంగ్లములో అంతకు ముందే ఉన్న ‘రైట్’ అను మాటకు తిన్ననైనది అని అర్థము. ఒప్పు తిన్నని గీత. తప్పు వంకర గీత. మన పెద్దలు ‘వంకరబుద్ధి’ అన్నప్పుడును ఈ పోలికయే వారి మనస్సున మెదలుచున్నది.

1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిరి. అటుపిమ్మట దాదాపు మూడు వందల సంవత్సరములు దొరల భాష, న్యాయస్థానముల భాష ఫ్రెంచి. తనపై మోపబడిన నేరమును గూర్చి వకీళ్లు ఏమి వాదించుకొనుచున్నారో బోనులోని రైతునకు తెలియదు. ఫ్రెంచి జనులకు తెలియదు గనుక వాదములు ఇంగ్లీషుననే జరుగవలెనని 1362లో ఒక శాసనము చేసిరి. వింత యేమనగా, ఆ శాసనమును ఫ్రెంచిలోనే వ్రాసిరి!

‘బ్లేమ్’, ‘ఫాల్ట్’ అను మాటలు ఈ కాలమున ఫ్రెంచినుండి వచ్చినవే. ‘బ్లేమ్’ యొక్క మూలము గ్రీకు భాషలో నున్నది. చెడ్డగా పలుకుట అని దాని అర్థము. దైవదూషణను తెలుపు ‘బ్లాస్ఫెమీ’యు అదే మూలమునుండి పుట్టినది. ఒకే ఇంట పుట్టిన అన్నదమ్ములలో ఒకడు దేవాలయమునకు, ఒకడు అంగడివీధికి పోయినట్లు, ఒక మాట దైవమును దూషించుటకు, రెండవది ఇరుగుపొరుగును తప్పుపట్టుటకు నిలిచినవి.

‘ఫాల్ట్’ అను మాటను ఆనాడు ‘ఫౌట్’ అని పలికిరి. అందు లకారము లేదు. లాటిన్ మూలమున ఆ అక్షరము కలదని గమనించిన విద్వాంసులు తరువాతి శతాబ్దములలో దానిని వ్రాతలో చేర్చిరి; జనుల నోటికి అది ఎక్కుటకు చాలకాలము పట్టినది. మాటయొక్క మొదటి అర్థము లోటు, కొరత. ఇదే అర్థముగల మరియొక మాట ‘లాక్’. నేడు ‘లాక్’ అన్న లేకపోవుట మాత్రమే. మధ్యయుగమున అది దోషమునకును పేరు. క్రియగా వాడినచో నిందించుట అని అర్థము. ఇది మనకు వింత గాదు. మనము దోషమును లోపమందుము. దారి తప్పుట, గురి తప్పుట అను పలుకుబళ్లలోని ‘తప్పు’నే అపరాధమునకు పేరుగా వాడుదుము.

ఇంతవరకు చూచినదానిని ఒకచోట చేర్చుదము. తప్పు ఒక అప్పు. తప్పు ఒక వంకర. తప్పు ఒక లోటు. అప్పును తీర్చవచ్చును, వంకరను సరిచేయవచ్చును, లోటును పూడ్చవచ్చును. మూడు పోలికలలోను దిద్దుబాటునకు త్రోవ కలదు. తప్పు చేసినవాడు దానిని దాటి రాగలడను నమ్మకము ఆ మాటలలోనే ఇమిడియున్నది.

మందలింపు మాటలలో ఇంతటి దయ కానరాదు. ‘రిబ్యూక్’ అనగా మొదట వెనుకకు కొట్టివేయుట. ‘అప్‌బ్రెయిడ్’ అనగా పైకి లాగుట. మరచిపోయిన పాత సంగతిని లాగి ముఖమున వేయుట. ‘ట్విట్’ అనునది ‘ఎట్‌వీటన్’ అను ప్రాచీనపదమున తల తెగి మిగిలిన మొండెము. మనము దెప్పుట అందుమే, సరిగా అదియే. ‘చైడ్’ అనుదానికి మందలించుట యనియే గాక కలహించుట యనియు అర్థము ఉండెను. ‘స్నబ్’ అనునది డేనుల భాషనుండి వచ్చినది. మాటను మధ్యలో తుంచి నోరు మూయించుట. కొట్టుట, లాగుట, తుంచుట — ఇవన్నియు చేతితో చేయు పనులు. నాలుకకు చేయి మొలచినట్లున్నది.

అందుచేత మందలించు అధికారము ఎవరికి కలదు, ఎప్పుడు, ఎట్లు అను ప్రశ్న ఆనాటి ఆలోచనాపరులను బాధించినది. 1215లో రోమునగరమున జరిగిన లాటరన్ మహాసభ, యుక్తవయస్సు వచ్చిన ప్రతి క్రైస్తవుడును ఏటికొకసారియైనను మతగురువు ఎదుట తన పాపములను చెప్పుకొనవలెనని విధించినది. తప్పును గూర్చి మాటలాడు అవసరము అంతటితో ఇంటింటికి వచ్చినది. చాసరు చిత్రించిన పల్లెటూరి మతగురువు పేదవాడు. ముందు తాను ఆచరించి పిదప ఇతరులకు చెప్పువాడు. పాపులను చూచి చీదరించుకొననివాడు. కాని మొండివాడు ఎదురైనచో, వాడు గొప్పయింటివాడైనను, కూలివాడైనను, గట్టిగా మందలించును. ఇచట చాసరు వాడిన క్రియ ‘స్నబ్’కు దగ్గరి చుట్టమే. కటువైన మాటను సైతము గొప్పవానికి, పేదవానికి సమముగా పంచినవానిని కవి మెచ్చుకొన్నాడు.

అదే శతాబ్దపు కవి లాంగ్లండు ఈ విషయమును ఇంకను సూక్ష్మముగా పరిశీలించినాడు. ‘పియర్స్ ప్లౌమన్’ అను అతని కావ్యమున కలగను వ్యక్తి కొందరు సన్యాసుల నడవడిని చూచి కోపించి, ఈ సంగతిని బహిరంగముగా చెప్పవచ్చునా అని అడుగును. న్యాయనిష్ఠ మనిషి రూపమున వచ్చి సమాధానము చెప్పును. లోకమంతకు తెలిసిన తప్పును సామాన్యుడు నిర్భయముగా చెప్పవచ్చును. కాని తప్పు ఎత్తిచూపుటలో మొదటివాడు కారాదు. రహస్యముగా నున్నదానిని రచ్చకెక్కింపరాదు. ప్రేమచేత పొగడరాదు, అసూయచేత నిందింపరాదు. ఈ కడపటి నియమమున నిందకు కవి వాడిన మాట ‘లాక్’. ఎదుటివానిలో లోటు చూపువాడు ముందు తన మనస్సులోని అసూయను చూచుకొనవలెనని తాత్పర్యము.

కావ్యములోని నియమము ఇట్లుండగా, ఊరి కచ్చేరిలోని నియమము వేరుగా నుండెను. ‘స్కోల్డ్’ అను మాట డేనుల జ్ఞాతులైన ఉత్తరదేశీయుల భాషలో కవికి పేరైన ‘స్కాల్డ్’ నుండి వచ్చియుండునని పండితుల అభిప్రాయము. ఆ కవులు పొగడ్తలోను దిట్టలు, ఎగతాళిలోను దిట్టలు. ఐస్లండు ప్రాచీన ధర్మశాస్త్రమున ఒకరిని కించపరచు పద్యము చెప్పుట శిక్షార్హమైన నేరము. అంత గౌరవమైన పేరు ఇంగ్లండులో నోటి దురుసుగల మనిషికి, ముఖ్యముగా గయ్యాళి స్త్రీకి పేరైనది. 1348లో వచ్చిన మహామారి తరువాతి దశాబ్దములలో స్థానిక కచ్చేరుల లెక్కలలో ‘స్కోల్డ్’ అను నేరము తరచుగా కనబడసాగినది. నేరస్థులుగా నిలిచినవారిలో అత్యధికులు స్త్రీలు. కొందరికి కొన్ని పెన్నీల జరిమానా. కొందరిని ప్రత్యేకముగా చేయించిన కుర్చీలో కూర్చుండబెట్టి నలుగురియెదుట అవమానించుట.

మతగురువు కటువుగా పలికినచో అది హితబోధ. దొర పలికినచో అది ఆజ్ఞ. పేదయింటి ఆడుది పొరుగువాని అన్యాయమును వీధిలో నిలిచి అడిగినచో అది నేరము. మాటలు ఒక్కటే కావచ్చును. పలికిన నోటినిబట్టి వాని పేరు మారినది. ఈ నేరము ఇంగ్లండు న్యాయశాస్త్రమునుండి 1967లోగాని తొలగింపబడలేదనిన ఆశ్చర్యము కలుగును.

ఇతరులు వేయు నిందను గూర్చి ఇంత చెప్పితిమి. తన్ను తాను నిందించుకొనుట మాట ఏమి? 1340లో కాంటర్బరీలోని మైకేల్ అను సన్యాసి పాపపుణ్యములను గూర్చిన ఒక ఫ్రెంచి గ్రంథమును తన సొంత కెంటు మాండలికములోనికి తెచ్చినాడు. పశ్చాత్తాపమునకు అతడు పరాయి మాటను వాడక, లోపలి తెలివి తిరిగి తిరిగి కరచుట అను అర్థమున ‘అయెన్‌బైట్ ఆఫ్ ఇన్విట్’ అని అచ్చమైన దేశిపదములతో పేరు కట్టినాడు. అతడు స్వహస్తముతో వ్రాసిన ప్రతి నేటికిని లండనులో భద్రముగా నున్నది. మాట మాత్రము వాడుకలో నిలువలేదు.

ఆ కాటు ఎట్లుండునో అదే శతాబ్దమునకు చెందిన ‘సర్ గవైన్ అండ్ ది గ్రీన్ నైట్’ అను కావ్యము చూపును. ఆర్థరు రాజు సభకు ఆకుపచ్చని వీరుడొకడు వచ్చి, తన తల నరికి, ఏడాదికి తిరుగు దెబ్బ పొందుటకు సిద్ధపడువాడు కలడా అని సవాలు చేయును. గవైను ఒప్పుకొనును. గడువు సమీపింపగా అతడు ఒక కోటలో అతిథిగా దిగును. పగలు ఎవరికి ఏమి దొరికినను రాత్రి ఒకరికొకరు ఇచ్చుకొనవలెనని గృహస్థునితో ఒప్పందము. మూడవనాడు గృహిణి ప్రాణమును కాపాడు పచ్చని నడికట్టు నొకదానిని ఇచ్చును. గవైను దానిని దాచుకొనును. ఆ గృహస్థుడే పచ్చని వీరుడు. గొడ్డలి మెడపై ఒక చిన్న గాటు మాత్రము పెట్టును. నీలో కొంచెము లోటు కలిగినది, అది దురాశచేత గాదు, కామముచేత గాదు, ప్రాణముపై తీపిచేత. కావున నిన్ను నిందించుట తక్కువ అని అతడు గవైనుతో అనును. ఆ పలుకులలో ‘లాక్’, ‘బ్లేమ్’ రెండును కలవు. ఒకటి జరిగిన లోటును చెప్పును. రెండవది దానికి తగిన నింద ఎంతయో తూచును.

గవైను తన్ను తాను క్షమించుకొనలేడు. ఆ నడికట్టును తన అపకీర్తికి గురుతుగా కట్టుకొని సభకు తిరిగి వచ్చును. సభలోని వారు నవ్వి, అతనితోపాటు తామందరును అటువంటి పచ్చని పట్టీలు ధరింతుమని నిశ్చయింతురు.

తప్పు జరుగలేదని పచ్చని వీరుడు అనలేదు. తప్పును తప్పనియే చెప్పి, దాని వెనుకనున్న కారణమును చూచి, నిందను తగ్గించినాడు. మధ్యయుగపు ఆంగ్లమునకు అప్పు, వంకర, లోటు అను పేర్లు విడివిడిగా నుండుటచేత ఈ తూనిక సాధ్యమైనది. మన యిండ్లలోను పిల్లవాని తప్పు, పనివాని తప్పు, పెద్దల తప్పు దినదినము మన నోట పడుచునే యున్నవి. ఆ తప్పు తీర్చవలసిన అప్పా, సరిచేయవలసిన వంకరయా, పూడ్చవలసిన లోటా అని ఒక క్షణము విచారించి పలికినచో, మన మందలింపు కొట్టివేయునది గాక, దిద్దునది కాగలదు.