మందులు తెచ్చుకుంటున్నాము, మింగుతున్నామా?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడి మాస్టరును. అయినా మా ఇంట్లో జరిగినది మీకు చెప్పాలి. మా అమ్మీకి బీపీ ఉండేది. రోజూ బిళ్ళ వేసుకుంటున్నదనే అనుకున్నాను. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన తరువాత ఆమె దిండు కింద రెండు నెలల బిళ్ళలు దొరికినవి. కోపంతో అడిగాను. "ఒంట్లో బాగానే ఉన్నది కదా బేటా, వచ్చే నెలకు పనికొస్తాయని దాచిన" అన్నది. బాగున్నప్పుడు కూడా ఆ బిళ్ళ మింగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చదువుకున్న కొడుకును, నేనూ చెప్పలేదు.

ఇది చదువురాని వారి తప్పు మాత్రమే కాదు. ధనిక దేశాలలో కూడా దీర్ఘరోగులలో సగటున సగం మందే మందులు సరిగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో తెలిపింది.

మన నిజాంపేటలో కూలికి పోయేవారు, ఆటో నడిపేవారు ఉన్నారు. దవాఖానకు పోతే ఆనాటి కూలి పోతుంది. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, మన పెద్దలకు వచ్చినది ఉర్దూ. టీబీ మందు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని కొందరు మానేస్తారు. పెండ్లి సంబంధం చెడిపోతుందని కొందరు ఆడపిల్లల మందులు దాచిపెడతారు. మధ్యలో మానితే క్రిములు మొండికెత్తి, మందుకు లొంగని టీబీ వస్తుంది. టీబీ మందులను సర్కారు ఉచితంగానే ఇస్తున్నది.

రంజాన్‌లో కొందరు మధ్యాహ్నం బిళ్ళ మానేస్తారు, మరికొందరు ఇఫ్తార్ వేళ రెండూ కలిపి మింగుతారు. రెండూ ప్రమాదమే. రోగికి ఉపవాసం నుండి సడలింపు ఖురాన్‌లోని బఖరా సూరాలోనే ఉన్నది. ఉపవాసం ఉండదలచినవారు షాబాన్ నెలలోనే డాక్టరును కలవండి. సహరీకి, ఇఫ్తార్‌కు సరిపడేలా మందు మార్చవచ్చునో లేదో ఆయనే చెప్తారు.

నా మనవి రెండే మాటలు. మొదటిది, బడి పిల్లలతో ప్రతి మందు కవరు మీద ఏ జబ్బుకు, ఏ పూట, ఎన్నాళ్ళు అన్నది ఉర్దూలోనో తెలుగులోనో రాయించండి. రెండవది, "వేసుకున్నావా?" అని గద్దించి అడగవద్దు. గద్దిస్తే "ఆఁ" అనే జవాబే వస్తుంది. పక్కన కూర్చుని, "ఎన్ని మిగిలినవి? వేసుకుంటే ఏం ఇబ్బంది అవుతున్నది?" అని అడగండి. నేను ఆ మాట అడగడానికి ఆలస్యం చేశాను. మీరు ఈ రాత్రే అడగండి.

ఖుదా హాఫిజ్.