లక్క గాజుల దుకాణం నేర్పిన పాఠం



మీ సాయంతో మన తల్లులు చేసే లక్క గాజులకు ఆన్‌లైన్ దుకాణం తెరిచాం. మొదటి నెలలోనే చాలా జతలు తిరిగొచ్చాయి. పనితనంలో లోపం లేదు, తప్పు మాది. కొలత "2.6" అని మాత్రమే రాశాం. కొన్నవారు దశాంశం అనుకున్నారు. గాజుల లెక్కలో అది రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, అంటే లోపలి వెడల్పు సుమారు 60 మిల్లీమీటర్లు. పాఠాలు చెప్పే మాకే తట్టలేదు!

ఇప్పుడు మిల్లీమీటర్లు, చేతికి తొడిగిన ఫొటో పెడుతున్నాం. లక్క వేడికి మెత్తబడుతుందనీ దాచకుండా రాస్తున్నాం.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిజం చెప్పి అమ్మితేనే ఆ పేరు నిలుస్తుంది. తిరుగు పార్శిళ్ల ఖర్చు ఈ ఏడాది మీరు భరించండి. మా పొరపాటు తల్లుల కూలిలో కోత కాకూడదు.